కట్టు దిగువ చిగుళ్లు

1963లో, వానలు వెనకబట్టిన రోజుల్లో, జమ్మలమడుగులోని నా నర్సరీ ముందు ఒక ఎద్దులబండి ఆగింది. యాభై ఏళ్ల ఆవిడ దిగి, బండిలోని గోతాం లాగి, మొక్కలు కొనడానికి వచ్చిన పదిమంది ముందు బోర్లించింది. కాయలు దొర్లుకుంటూ నా కాళ్ల దాకా వచ్చాయి.

"ఏందప్పా ఇది? చీనీ చెట్లని చెప్పి నాకేమిస్తివి? నాలుగేండ్లు కపిల తోలి నీళ్లు పెడ్తి. తింటే పండ్లు పులిసిపోతాండాయి. నువ్వు ప్లీడరువంట గదా, నువ్వే చెప్పు, నీ మింద ఏం కేసు పెట్టాల?"

ఆవిడ పేరు ఓబుళమ్మ. తొండూరు దగ్గరి రైతు. భర్త పోయాక సేద్యమంతా తానే చూసుకునేది. నేను నర్సరీ పెట్టాక, మావైపు చీనీ అనే బత్తాయి మొక్కలు ఒకేసారి నూట ఇరవై కొన్న మొదటి మనిషి ఆమే.

అంతకుముందు నాది వేరే బతుకు. ప్రొద్దుటూరులో ఆరేళ్లు ప్లీడరుగా చేశాను. కర్నూలు రాజధాని అయినప్పుడు అక్కడి సచివాలయంలో చట్టాల ముసాయిదాలు రాసే పనికి కుదిరాను. సాగు గురించి, తోటల గురించి నిబంధనలు రాసేవాణ్ణి. సెలవు రోజుల్లో ఊరి బయట ఒక తోటకు వెళ్లి మస్తాన్ సాయిబు పని చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆయన చేసే పనిని బడ్డింగ్ అంటారు. చీనీ కొమ్మ మీద చిగురు మొలిచే ఒక కన్నును బెరడుతో సహా తీసి, పుల్లటి కాయలు కాసే మొండి జంబీరి మొక్కకు గాటు పెట్టి అందులో దూర్చి, అరటినారతో కట్టేస్తాడు. కింది జంబీరి మొక్కను రూట్‌స్టాక్ అంటారు. వేరు దానిది, కాయ చీనీది. నేను కట్టిన మొదటి కన్ను చిగురు పెట్టిన రోజు ఆఫీసుకు రెండు గంటలు ఆలస్యంగా వెళ్లాను. రాజధాని హైదరాబాదుకు మారినప్పుడు అందరూ పెట్టెలు సర్దుకున్నారు. నేను రాజీనామా రాసి, మస్తాన్ సాయిబును వెంటబెట్టుకుని జమ్మలమడుగు వచ్చేశాను. మా మామగారు ఏడాది పాటు నాతో మాట్లాడలేదు.

ఓబుళమ్మ వచ్చిన రోజు ప్రొద్దుటూరు నుంచి పాత ప్లీడరు మిత్రుడొకడు నర్సరీలోనే ఉన్నాడు. నా రసీదుల పుస్తకం తిరగేసి, ఒక వాక్యం మీద వేలు పెట్టాడు. "కట్టు దిగువన పుట్టు చిగుళ్లను కొనుగోలుదారు ఎప్పటికప్పుడు తొలగించవలెను. తొలగించని యెడల కలుగు నష్టమునకు నర్సరీ బాధ్యత వహించదు." రాసింది నేనే.

"ఇంకేం కావాలప్పా? మొదటి వాయిదాకే కొట్టేస్తారు" అన్నాడు నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. మర్నాడే మస్తాన్ సాయిబుతో తొండూరు వెళ్లాను.

తోట చూడగానే సంగతి తెలిసిపోయింది. పొడుగాటి ముళ్లు, జంబీరి ఆకు. మొదలు దగ్గర మట్టి తీసి చూస్తే కట్టు పైన ఎండిన మోడు. కొమ్మలన్నీ కట్టు కింది జంబీరి నుంచి వచ్చినవే.

"అక్కా, మొదటేడు ఈ మొక్కలకేమైనా అయిందా?"

"మేకలు పడి కొరికేసినాయప్పా. సచ్చిపాయె అనుకుంటే కిందనుంచి నిగనిగలాడ్తా లేసినాయి. నా చెట్లు బతికినాయని శానా సంబరపడితి."

జేబులోంచి రసీదు నకలు తీసి ఆ వాక్యం చదివి వినిపించాను. ఆవిడ నిదానంగా వింది.

"ఆ కాయితం దేవుని పటం పక్కన బద్రంగా పెట్టుకున్న్యా. నాకు సదువు రాదప్పా. ఆ పొద్దు ఈ మాట నోటితో చెప్పింటే నీదేం పోతాండె?"

మొక్కలమ్మేటప్పుడు కూడా నేను రేపటి కోర్టునే తలుచుకున్నాను, ఎదురుగా నిలబడిన మనిషిని కాదు.

"ఇంగ గొడ్డలి పెట్టి కొట్టిచ్చి శెనిక్కాయలు ఏసుకుంటా" అంది.

అప్పటికి మస్తాన్ సాయిబు తోటంతా తిరిగి వచ్చాడు. చేతిలో సగం ఒలిచిన కాయ.

"సామీ, ఆ మూల పదకొండు చెట్లు మేకల నోట్లో పడలేదు. వాటి కాయ ఇప్పుడిప్పుడే పండుతోంది. తిని చూడండి."

తేనె. ఓబుళమ్మ కూడా ఒక తొన నోట్లో వేసుకుని నా మొహం చూసింది.

"అక్కా, కొట్టేస్తాం. మొదలంటా కాదు, మోకాలెత్తున. ఈ వేర్లకు నాలుగేళ్ల బలముంది. ఆ పదకొండు చెట్ల కన్నులు తెచ్చి మళ్లీ కడతాం. పని మాది. రెండేళ్లు ఓపిక పడితే మూడో ఏటికి కాయ."

"మళ్లీ పులుసైతే?"

"నేనే వచ్చి శెనిక్కాయలు విత్తుతా."

ఆవిడ మొదటిసారి నవ్వింది.

కొమ్మలు నరికి, మోళ్లకు ఎండ దెబ్బ తగలకుండా సున్నం పూశాం. కొత్త చిగుళ్లు పెన్సిలంత లావయ్యాక మస్తాన్ సాయిబు, నేను పన్నెండు రోజులు ఆవిడ పశువుల కొట్టంలోనే ఉండి కన్నులు కట్టాం. నా చేతిలో కత్తి జారితే, "ప్లీడరప్పా, నిదానం" అని హెచ్చరించేది. నారలు విప్పిన రోజు నూట తొమ్మిది మోళ్లలో తొంభై ఎనిమిదింటి మీద కన్ను పచ్చగా ఉంది. మిగతావాటికి మళ్లీ కట్టాం.

మూడో ఏడు కబురు వస్తే వెళ్లాను. మొదటి బుట్ట గండి ఆంజనేయస్వామికి అప్పటికే పంపేసింది. పులివెందుల వ్యాపారి ఒకడు తోటలో నిలబడి కాయ మీద కాయ తింటున్నాడు. చుట్టుపక్కల రైతులు ఏడుగురు వచ్చారు. ఓబుళమ్మ ఒక చెట్టు మొదట్లో కూర్చుని, అప్పుడే తలెత్తిన జంబీరి చిగురును బొటనవేలితో గిల్లి పారేసి, వాళ్లకు చెబుతోంది: "ఇది ఎంత సొగసుగా ఉన్న్యా నమ్మద్దండప్పా. దీన్ని పెంచితే మీ చెట్టును ఇదే తినేస్తాది." ఆ ఏడుగురూ ఆ ఏడే నా దగ్గర మొక్కలు కొన్నారు.

అప్పటి నుంచి నర్సరీలో ఒక పద్ధతి పెట్టుకున్నాను. మొక్క కొన్న ప్రతి మనిషి చేతా కట్టును తడిమించి, దిగువ చిగురు ఒకటి గిల్లించిగానీ బండి ఎక్కనివ్వను.

చట్టాల పని వదిలేసినందుకు బాధ లేదా అని ఇప్పటికీ అడుగుతారు. తప్పెవరిదో తేల్చడం నేను బాగా నేర్చుకున్న విద్య. అది తేలాక కాగితాలు కట్టేసి ఇంటికి వెళ్లేవాణ్ణి. తప్పు తేలిన తర్వాత కూడా మనిషి దగ్గర నిలబడి చేయాల్సిన పని ఉంటుందని ఓబుళమ్మ తోటలో తెలిసింది. ఆ పన్నెండు రోజుల్లో కలిగినంత సంతోషం నాకు ఏ కోర్టులో గెలిచినా కలగలేదు.