రెండు సస్పెన్షన్లు

నా చిన్నప్పుడు, అని నేను మొదలుపెడితే చాలు, మా ట్యూషన్ పిల్లలు కిసుక్కున నవ్వుతారు. నెత్తిన ఒక్క తెల్ల వెంట్రుకైనా లేకుండా ఈవిడ చిన్నప్పటి సంగతులు చెప్పడమేమిటని వాళ్ల బాధ. నిజమే, అదేమంత పాతకాలం కాదు. రాష్ట్రం ఇంకా ఒక్కటిగానే ఉండేది, ఫోన్లకి అప్పుడప్పుడే బొత్తాలు పోయి అద్దాలు వస్తున్నాయి. అయినా నాకది చాలా దూరంలో ఉన్నట్టే ఉంటుంది. ఆ రోజుల్లో మా నాన్నకి ఉద్యోగం ఉండేది మరి.

మేం గరివిడిలో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నాన్న రోడ్ల పనులు చూసే ఒక ఆఫీసులో వర్క్ ఇన్‌స్పెక్టరు. ఎక్కడ కంకర పడినా, ఎక్కడ తారు మరిగినా పక్కన గొడుగు వేసుకుని నిలబడటం ఆయన పని. ఆ ఏడు వానలకి ఒక పల్లెదారి మీద, కట్టి ఏడాది తిరగని కల్వర్టు కూలింది. ఒక పాలవాడి సైకిలు తప్ప ఎవరికీ దెబ్బ తగల్లేదు. పైవాళ్లు ముందు ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు, చివరికి అందరూ కలిసి మా నాన్న మీద చెప్పారు. అక్కడ కల్వర్టు కూలితే ఇక్కడ నాన్న కూలబడ్డాడు. దాన్ని సస్పెన్షన్ అంటారన్నారు.

ఆ మాట నాకు కొత్త. అయిదో తరగతి తెలివితో దాన్నొక జ్వరం లాంటిదనుకున్నాను. వస్తుంది, కొన్నాళ్లుంటుంది, తగ్గుతుంది. నాన్న తీరు కూడా అలాగే ఉండేది. మధ్యగదిలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. గుమ్మం దాటేవాడు కాదు. గెడ్డం పెరిగిపోయింది. అమ్మ పిలిస్తే అన్నానికి లేచి, తిని, మళ్లీ గోడ దగ్గరికే వెళ్లిపోయేవాడు. "మీ ఆయన ఊరికే కూకున్నాడేటి?" అని వీధిలో ఎవరైనా అడిగితే, ఒంట్లో బాగులేదని అమ్మ చెప్పేది. అది అబద్ధమో నిజమో అమ్మకే తెలిసినట్టు లేదు.

మా అమ్మ తమ్ముడికి, అంటే మా మావయ్యకి, విజయనగరంలో బియ్యం కొట్టు ఉండేది. తాతగారి నాటి వ్యాపారం. బియ్యం అతని వృత్తి, కారు అతని పిచ్చి. ఎవరి దగ్గరో పాతదొకటి కొన్నాడు. చూడ్డానికి చిన్నదే, ఇంజను మాత్రం ఒంటికి మించినది. జోరుగా పోవడానికే చేసిన రకం. విశాఖలో ఒక క్లబ్బు వాళ్లు ఖాళీ మైదానంలో రబ్బరు గుర్తులు నిలబెట్టి, వాటి మధ్య వంకర్లు తిరుగుతూ ఎవరు ముందొస్తారో చూసే పోటీ పెట్టేవారు. మావయ్య కారు తిన్నగా పొమ్మంటే బాణంలా పోయేది, మలుపు తిరగమంటే మాత్రం తాగినవాడిలా ఒరిగిపోయేది. అందుకని దాని అడుగున స్ప్రింగులూ షాకబ్జార్బర్లూ అన్నీ పీకించి, పొట్టివీ గట్టివీ వేయిస్తున్నాడు. ఒకనాడు మా ఇంటికొచ్చి వంటగదిలో అమ్మతో ఆ ముచ్చటే చెబుతున్నాడు.

"సస్పెన్షన్ మొత్తం తీయించేస్తన్నానే అప్పా. ఈ వారంలో అంతా సెట్టయిపోతాది."

నేను గుమ్మంలో నిలబడి విన్నాను. వినడంలో నాకెప్పుడూ లోటు లేదు, ఆ తర్వాత జరగాల్సిన దాంట్లోనే లోటు. ఒక్క పరుగున వెళ్లి, మావయ్య మా నాన్న సస్పెన్షన్ తీయించేస్తున్నాడని పక్కింటి అక్కకి చెప్పేశాను. ఆ అక్క వెన్నలాంటి మనిషి. మర్నాడు పొద్దున్నే గిన్నెడు పరమాన్నం వండి తెచ్చి, గుమ్మంలోంచే కేకేసింది.

"అన్నయ్యా, సస్పెన్షన్ తీసేసినారటగా!"

మంచం కిర్రుమంది. నాన్న లేచాడు. దండెం మీది చొక్కా తీసి వేసుకుని, ఒక బొత్తాం ఇంకొక బొత్తాం కాజాలో పెట్టుకుంటూ బయటికొచ్చాడు. ఎవరు చెప్పారమ్మా అని అడిగాడు. ఆ గొంతులో నెలల తర్వాత ప్రాణం వినబడింది. అక్క నా వైపు చూసింది. అమ్మ నా నెత్తిన చెయ్యి వేసింది కానీ, మొట్టాలో నిమరాలో తేలక అలాగే ఉంచేసింది.

"అది కారుదండీ," అంది మెల్లగా. "మా తమ్ముడి కారుది."

నాన్న తప్పు కాజాలో పెట్టుకున్న బొత్తాం వైపు చూసుకున్నాడు. "దానికీ ఉంటాది కదా," అన్నాడు. తర్వాత లోపలికెళ్లి చొక్కా విప్పి, ఎక్కడిది అక్కడే దండెం మీద వేశాడు. ఆ గిన్నె మూత సాయంత్రం దాకా ఎవరూ తీయలేదు.

అమ్మ ఈ సంగతి తమ్ముడికి ఫోన్లో చెప్పినట్టుంది. ఆ ఆదివారం పొద్దున్నే మావయ్య కారుతో దిగాడు. తిన్నగా మధ్యగదిలోకి పోయి మంచం పక్కన నిలబడ్డాడు.

"బావా, లే. నీతో పనుంది."

"నాతో ఏటి పనిరా, ఎవుడికైనా?"

"ఊరికే కూకోడమే. కారు సరిసెయ్యాలంటే డ్రైవరు సీట్లో మనిషి ఉండాల. నాను కింద దూరిపోతే పైనెవడుంటాడు సెప్పు? బరువు కావాల బావా, బరువు."

ఇంటికి తాను బరువైపోయానని నాన్న అమ్మతో అనడం నేను చాలాసార్లు విన్నాను. ఆ బరువు నాకు కావాలని ఇంటికొచ్చి అడిగినవాడు మాత్రం మావయ్య ఒక్కడే. నాన్న ఎందుకు లేచాడో నాకిప్పటికీ తెలీదు. కాదనడానికి కూడా ఓపిక లేకపోయి ఉండొచ్చు.

ఆ ప్రయాణం మరిచిపోలేను. కొత్త స్ప్రింగులు ఎంత గట్టివంటే, రోడ్డు మీద రూపాయి బిళ్ల పడి ఉంటే అది బొమ్మో బొరుసో కూర్చున్నచోటే చెప్పేయొచ్చు. వెనకసీట్లో అమ్మా నేనూ మూకుట్లో ఆవాల్లా ఎగురుతున్నాం. ముందు కూర్చున్న నాన్న మాత్రం ప్రతి గొయ్యికీ ఒక క్షణం ముందే సీటు మీంచి కాస్త పైకి లేచేవాడు. ఆ రోడ్డు ఆయనకి అంత బాగా తెలుసు. నెల్లిమర్ల జూట్‌మిల్లు దాటాక తారు అతుకు ఒకటి వచ్చింది. "ఇది నాను ఏయించిందే," అన్నాడు. అక్కడ కారు ఎగరలేదు.

కొట్టు వెనక సిమెంటు గచ్చు చేసిన పెద్ద పెరడు. మావయ్య కారుని అక్కడ ఆపి, రెండు పక్కలా స్టూళ్లు పెట్టి, వాటికి పొడవునా దారం బిగించి కట్టాడు. చక్రాలు దారానికి తిన్నగా ఉన్నాయా, కారు నాలుగు మూలలూ ఉండాల్సిన ఎత్తులో ఉన్నాయా అని కొలుస్తూ, స్ప్రింగుల కింది మరలు తిప్పి సరిచేయాలి. నాన్నని స్టీరింగు ముందు కూర్చోబెట్టి కదలొద్దన్నాడు. నాన్న పెళ్లి ఫొటోలో పెళ్లికొడుకులా బిగుసుకుని కూర్చున్నాడు. గెడ్డం ఒక్కటే తేడా.

నేను మావయ్య పక్కన చతికిలబడి ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాను. బరువు తగ్గిస్తేనే కదా కారు జోరుగా పోతుంది, మరి మా నాన్నని ఎక్కించావేమని అడిగాను.

"పోతాది. మలుపొస్తే సేలోకి పోతాది," అన్నాడు మావయ్య నేల మీద పడుకునే. "టైరు నేలని పట్టుకోవాలంటే పైనుంచి ఎవరో అదిమిపెట్టాలే గుంటా. బరువు లేని సక్రానికి పట్టే లేదు." నాకు చెబుతున్న మాటే అయినా, పైకి వినబడేంత గట్టిగా చెప్పాడు. స్ప్రింగు మరీ బిగిస్తే చక్రం గతుకు మీద ఎగిరి నేలని వదిలేస్తుందనీ, అందుకే పొద్దుట మమ్మల్ని అంతలా ఎగరేసిందనీ, కాస్త లొంగనిస్తేనే పట్టు నిలుస్తుందనీ చెప్పుకుపోయాడు. నాకు సగం అర్థమైంది. నాన్న తల కొంచెం ఇటు తిప్పి వింటున్నాడు.

అంతలో అమ్మమ్మ మజ్జిగ గ్లాసులు పట్టుకుని పెరట్లోకి వచ్చింది.

"ఓలమ్మ! ఎండలో అల్లుణ్ణి అలగ కూకోబెట్టినావేట్రా? కొట్టునిండా బస్తాలున్నాయి, రెండు పడేస్తే సాలదేటి? పోయినసారి అలగే కదా సేసినావు!"

పానా చప్పుడు ఆగిపోయింది. మావయ్య తల ఎత్తలేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నాన్న వైపు చూశాను. దిగిపోతాడనుకున్నాను. దిగిపోయి, గరివిడి బస్సెక్కి, మళ్లీ ఆ గోడ దగ్గరికే వెళ్లిపోతాడనుకున్నాను.

నాన్న అద్దంలోంచి ఎదురుగా చూస్తూనే, "బస్తాకి స్టీరింగు తిన్నగా పట్టుకోడం రాదత్తా," అన్నాడు.

"అదీ నిజమేలే," అని అమ్మమ్మ మజ్జిగ అందించి వెళ్లిపోయింది. మావయ్య అవసరమైన దానికంటే ఎక్కువసేపు నవ్వాడు. ఆనాడు నాన్న మాట నాకు ఉత్త హాస్యంలాగే వినబడింది. తనకోసమే ఆ పని అల్లారని నాన్నకి తెలిసిపోయింది. అయినా దిగలేదు. పొద్దున్న మావయ్య ఆయన బరువు అడిగాడు, ఆ పూట ఆయన మావయ్య పరువు నిలబెట్టాడు. ఇది అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అల్లిన పనిలో కుదురుగా కూర్చోవడం చేతకాక నేను కొందరి సాయాన్ని విసిరికొట్టిన తర్వాత గానీ తెలియలేదు.

ఎండ వాలేసరికి కొలతలన్నీ కుదిరాయి. మావయ్య చేతులు తుడుచుకుంటూ, అంతా సమానంగా వచ్చింది బావా అని మురిసిపోయాడు. నాన్న స్టీరింగు వదలకుండానే అన్నాడు.

"ఈ గచ్చుకి వాలు ఉన్నాదిరా."

"ఏటి?"

"వాన నీళ్లు పోడానికి తూము వేపు వాలు ఏసినారు. వేలు మందం ఉంటాది. పొద్దున్న దిగగానే సూసినాను." తూము వైపే చూస్తున్నాడు. "అప్పుడే సెప్పాల్సింది. సెప్పలేదు."

పొద్దుటి నుంచి చేసిందంతా వృథా అని నాకు కూడా తెలిసింది. నేల వాలుగా ఉంటే కారు నాలుగు మూలలూ సమానమన్న మాటకి అర్థమే లేదు. మావయ్య కోపిష్టి మనిషి. తూకం తప్పితే కొట్లో గుమాస్తాల మీద గంపలు విసిరేవాడు. ఆ చేతిలో పానా చూసి నేను రెండడుగులు వెనక్కి వేశాను. అతను తూము వైపు చూశాడు, దారం వైపు చూశాడు, చివరికి నాన్న వైపు చూశాడు.

"ఇప్పుడు సెప్పినావు కదా బావా," అన్నాడు.

అని, దారం విప్పేశాడు. కొట్లోంచి చెక్కలు తెచ్చి, పల్లంగా ఉన్న చక్రాల కింద పెట్టడం మొదలుపెట్టాడు. నాన్న స్టీరింగు మీద తల ఆన్చాడు. హారను మోగింది. వీధంతా వినబడేలా మోగుతూనే ఉంది. ఎవరమూ వెళ్లి ఆయన తల ఎత్తలేదు.

తర్వాత సంగతి చెప్పడం తేలికే, వినడమే కష్టం. కారు మలుపుల్లో ఒరగడం మానేసింది. విశాఖ పోటీలో మావయ్యకి చివర్నుంచి లెక్కపెడితే మంచి స్థానమే వచ్చింది. కొన్నాళ్లకి కారు అమ్మేశాడు. ఇక రెండో సస్పెన్షన్, నాన్నది. ఆ కల్వర్టులో సిమెంటు పాళ్లు తగ్గిన సంగతి తనకేమీ తెలియదని నాన్న అప్పటిదాకా చెబుతూ వచ్చాడు. అదే మాట మీద నిలబడితే మళ్లీ ఉద్యోగంలోకి తీసుకుంటారని తెలిసినవాళ్లంతా అన్నారు. విచారణ రోజున నాన్న గెడ్డం గీసుకుని వెళ్లాడు. పని జరుగుతుండగానే చూశాననీ, అప్పుడే చెప్పాల్సిందనీ, పైవాళ్లకి భయపడి చెప్పలేదనీ, ఇప్పుడు చెబుతున్నాననీ చెప్పాడు. అక్కడ మావయ్య లాంటి మనిషి ఎవరూ లేరు. చెప్పింది రాసుకున్నారు, నాన్నని సర్వీసు నుంచి తీసేశారు. పైవాళ్లు పైనే ఉన్నారు.

"ఆ కారెక్కకపోతే మీ నాన్నకి ఉద్యోగం ఉండేది," అని అమ్మ ఇప్పటికీ అంటుంది. తమ్ముడితో మాట్లాడుతుంది కానీ, ఆ మాట మాత్రం మానదు. అమ్మ చెప్పేది తప్పని నేను ఎన్నడూ అనలేకపోయాను. నాన్న ఆ తర్వాత ఏ పనిలోనూ కుదురుకోలేదు. గోడవైపు తిరిగి పడుకోవడం మాత్రం మానేశాడు. వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తూ ఉండేవాడు. అది మెరుగో కాదో నాకు తెలీదు. మావయ్య మా ఇంటికి రావడం తగ్గించాడు. వచ్చినప్పుడు నాన్న ముఖంలోకి చూడలేక, ఈ మధ్య వానలెలా ఉన్నాయి బావా అని అడిగేవాడు. వానల గురించి మా ఇంట్లో అడగకూడదని అడిగేశాక గుర్తొచ్చేది పాపం.

ఆ ఆదివారం నుంచి నాతో వచ్చింది ఆ ఒక్క మాటే. ఎవరైనా నా దగ్గరికొచ్చి, ఎప్పుడో చెప్పాల్సిన నిజం తల వంచుకుని చెబితే, దానివల్ల నాకెంత నష్టమైనా సరే, ఇప్పుడు చెప్పావు కదా అంటాను. అనగానే వాళ్ల భుజాలు కాస్త దిగుతాయి. ఆ తర్వాత ఏం చేయాలో మాత్రం నాకు తోచదు. ఆ వేళ పల్లంలో పెట్టడానికి మావయ్య దగ్గర చెక్కలున్నాయి. నా దగ్గర మాటొక్కటే ఉంది.