ఒక చుట్ట సేపు

నిన్న పొద్దున్న వసారాలో కూర్చుని పేపరు తిరగేస్తుంటే గుప్పుమని చుట్ట వాసన వచ్చింది. ఎక్కణ్ణుంచో గాలికి కొట్టుకొచ్చిన వాసన కాదది. నా పక్కనున్న పడక కుర్చీలో ఎవరో వెనక్కి వాలి, కాలు మీద కాలేసుకుని, తీరుబడిగా వదిలిన పొగ. కుర్చీ ఖాళీగానే ఉంది. లేచి వీధిలోకి చూశాను. ఎదురింటివాళ్ళ కొబ్బరికాయల ట్రాక్టరు తప్ప అక్కడా ఎవరూ లేరు. మా ఊళ్ళో చుట్ట కాల్చేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయి చాలాకాలమైంది. ఇప్పటి కుర్రాళ్ళు కాల్చేవాటికి ఏలకుల వాసనో పుదీనా వాసనో వస్తుంది తప్ప, ఇలా ఇంటి దూలాలకి పట్టే వాసన రాదు. "ఎవరైనా వచ్చి వెళ్ళేరా?" అని లోపలికి కేకేశాను. మా ఆవిడ కాఫీ గ్లాసుతో వచ్చి, వీధి వైపు చూడకుండా నా మొహంలోకి చూసింది. "ఎవరూ రాలేదండి. మళ్ళీనా?" అంది. నేను సిగరెట్లు మానేసి ఏళ్ళు గడిచాయి గానీ మా ఆవిడకి మాత్రం నిన్ననే మానేసినట్టుంటుంది. గ్లాసు చేతికిచ్చి వెళ్ళిందే గానీ పూర్తిగా వెళ్ళలేదు, తలుపు వెనకాల నిలబడింది. నా చొక్కా జేబులు చూడాలా వద్దా అని ఆలోచిస్తోందని నాకు తెలుసు. ఇంతలో నడిమింట్లోంచి మా దొడ్డమ్మ గొంతు వినబడింది. "ఏరా, వచ్చేరా?"

దొడ్డమ్మకి చూపు దాదాపు పోయింది, రోజులో సగం మంచం మీదే గడుస్తుంది. ఆవిడ అడిగింది చుట్టాల గురించి కాదు, ఎప్పుడో పోయిన మా పెదనాన్నగారి గురించి. "ఆయ్, వచ్చేరు దొడ్డమ్మా" అన్నాను. ఈ వాసన మా ఆవిడకి రాదు, పిల్లలకి రాదు. ఇంటిల్లిపాదిలో మా ఇద్దరికే వస్తుంది. మాకే ఎందుకు వస్తుందో చెప్పాలంటే ఆయన గురించి చెప్పాలి.

ఆయన మా నాన్నకి అన్నగారు. ఆయనకి పిల్లల్లేరు. మా అమ్మా నాన్నా చిన్నవయసులోనే పోవడంతో నన్ను పెదనాన్నగారూ దొడ్డమ్మా పెంచారు. చేతికి గడియారం ఉన్నా ఆయన కాలాన్నీ దూరాన్నీ చుట్టలతోనే కొలిచేవారు. మా ఇంటి నుంచి గోదారి రేవు ఒక చుట్ట దూరం. కొత్తపేట మూడు చుట్టలు, అదీ ఎదురుగాలి లేకపోతే. రావులపాలెం అరటిగెలల మార్కెట్టుకి మాత్రం ఎన్ని చుట్టలో చెప్పేవారు కాదు, దారిలో కాఫీ హోటళ్ళు తగిలి లెక్క తప్పుతుందనేవారు. ఎవరింటికి వెళ్ళినా ఒక చుట్ట సేపే కూర్చునేవారు. పెళ్ళి సంబంధం మాట్లాడడానికి వెళ్ళినా, చావుకి పలకరించడానికి వెళ్ళినా అంతే. చుట్ట అయిపోగానే పీక అవతల పారేసి, "మరి ఉంటానండి" అని కండువా దులుపుకుని లేచిపోయేవారు. భోజనానికి ఆగమని బతిమాలితే, "ఆగితే ఇంకోటి వెలిగించాలండి" అనేవారు. ఇక ఆయన గొంతు. మా పొలంలో సగం గోదారి అవతల లంకలో ఉండేది. రేవులో నిలబడి ఆయన "ఓయ్" అంటే, అవతలి ఒడ్డున పడవలో నిద్రపోతున్న పడవవాడు లేచి కూర్చునేవాడు. ఎర్రనీరు వచ్చి గోదారి హోరెత్తే రోజుల్లో కూడా ఆ గొంతు నీళ్ళు దాటేది.

ఆ చుట్టలు కొట్లో కొన్నవి కావు. మా అటక మీద లంక పొగాకు కట్టలుండేవి. మధ్యాహ్నం భోజనాలయ్యాక దొడ్డమ్మ ఆకు మీద నీళ్ళు చిలకరించి, మెత్తబడ్డాక ఈనె లాగేసి, పీట మీద పెట్టి చుట్టి దారం కట్టేది. పెళ్ళయిన కొత్తలో అత్తగారు నేర్పిన పనట. ఆవిడ చేతులకి ఎప్పుడూ పొగాకు వాసనే. ఆ చేతులతోనే నాకు అన్నం కలిపి పెట్టేది కాబట్టి, ఆవకాయకి ఉండాల్సిన వాసన అదేనని నేను చాలాకాలం అనుకున్నాను. చుట్టడం ఆవిడ పనైతే వెలిగించడం నా పని. పెదనాన్నగారు వసారాలోంచి "నిప్పు" అనేవారు, అంతే. నేను చుట్ట పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తేవాణ్ణి. చుట్ట అగరొత్తిలా ఊరికే అంటుకోదు. నోట్లో పెట్టుకుని, కొస పొయ్యిలో నిప్పుకి తగిలించి రెండు దమ్ములు లాగాలి. వసారా చేరేలోపు ఆరిపోకుండా మధ్యలో ఇంకోటి లాగాలి. మా వైపు చాలా ఇళ్ళల్లో పిల్లల చేత ఈ పని చేయించేవారు, ఎవరికీ అందులో తప్పు కనబడేది కాదు. నేను దగ్గుతూ, కళ్ళనీళ్ళతో చుట్ట పట్టుకొస్తే పెదనాన్నగారు మురిసిపోయి, "మావాడు ఆరనివ్వడండి" అని కూర్చున్నవాళ్ళకి చెప్పేవారు. ఆ మెప్పు కోసం మా నడవ ఇంకాస్త పొడుగుంటే బావుండునని అనుకునేవాణ్ణి.

అమలాపురంలో కాలేజీ చదువుకొచ్చేసరికి సిగరెట్లు మొదలయ్యాయి. మొదలుపెట్టానని కూడా అనను, వసారా చేరకుండా మధ్యలో ఆగిపోయానంతే. మానేయడం కూడా చాలాసార్లు మానేశాను. పెళ్ళికి ముందోసారి, పెద్దది పుట్టినప్పుడోసారి. ద్రాక్షారామంలో స్వామి ఎదుట ఒట్టు పెట్టుకుని మానేసినప్పుడైతే మా ఆవిడ కళ్ళొత్తుకుంది. తిరుగు ప్రయాణంలో వంతెన దాటి రావులపాలెం సెంటర్లో బస్సాగింది. కిటికీ కిందే బడ్డీ కొట్టు. ఒట్టు గోదారి అవతలి గట్టునే ఉండిపోయిందనిపించి దిగాను. మా ఆవిడ ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు, వచ్చాక మాట్లాడింది.

పెదనాన్నగారికి ముందు పోయింది ఆ గొంతే. బొంగురుపోతే జలుబన్నారు, జలుబు తగ్గినా బొంగురు తగ్గలేదు. కాకినాడ తీసుకెళితే కాన్సరని, పెద్ద ఆపరేషన్ చేసి గొంతులో స్వరపేటిక తీసేశారు. ఊపిరి కోసం మెడ ముందు చిల్లు పెట్టారు. ఆ తర్వాత ఆయన నోట ఒక్క మాట రాలేదు. ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి లంకలో పొలం చూసుకోవాలని రేవుకి వెళ్ళి, అలవాటుగా నోరు తెరిచారు. ఏమీ రాలేదు. కాసేపు నీళ్ళకేసి చూసి, చప్పట్లు కొట్టారు. ఆ పల్చటి చప్పుడు నదిలో సగం దూరం కూడా వెళ్ళలేదు. పక్కన నేను నిలబడి కేకేశాను. పడవవాడు వచ్చి ఆయన్ని ఎక్కించుకుని, లంక చేరేదాకా మొహం పక్కకి తిప్పుకునే పడవ నడిపాడు.

ఒకరోజు ఆయన పాత చుట్ట ఒకటి ఎక్కడో వెతికి పట్టుకుని నోట్లో పెట్టుకున్నారు. నా వైపు చూసి బొటనవేలూ చూపుడువేలూ రుద్ది చూపించారు. నిప్పు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన వెలిగించని చుట్టనే ఒక దమ్ము లాగబోయారు. ఊపిరంతా మెడ దగ్గరే పోతుంటే నోట్లోకి ఏం వస్తుంది? మళ్ళీ లాగారు. చుట్ట చేతిలోకి తీసుకుని, లోపం అందులో ఉందేమోనన్నట్టు అటూ ఇటూ తిప్పి చూశారు. ఆ చూపు నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆ భాద్రపదంలో, గోదారి ఎరుపు తగ్గుతున్న రోజుల్లో ఆయన పోయారు. కర్మ నేనే చేశాను.

ఏడాది తిరిగాక తిథినాడు, ఆయన ఫొటో ముందు ఆకు వేసి ఆయనకి ఇష్టమైనవన్నీ వడ్డించాం. పోయినవాళ్ళు తాగేదైనా కాల్చేదైనా సరే, ఇష్టమైనది పెట్టకపోతే వాళ్ళ ప్రాణం ఇంటి చుట్టూ తిరుగుతుందని మా వాళ్ళ నమ్మకం. దొడ్డమ్మ కొంగు ముడిలోంచి అప్పుడే చుట్టిన చుట్ట తీసి నా చేతిలో పెట్టింది. "అప్పుడు ఇవ్వలేకపోయేం. ఇప్పుడైనా ఇవ్వరా" అంది. చుట్టని వెలిగించాలంటే లాగాలి. లాగాను. సాసరులో పెట్టి ఫొటో ముందుంచాం. అది ఆరిపోకుండా కడదాకా కాలితే ఆయనకి చేరినట్టని దొడ్డమ్మ లెక్క. అంతదాకా ఇంట్లో ఎవరూ భోజనానికి లేవకూడదు. మధ్యలో ఆరితే నేను మళ్ళీ లాగాలి. ఆయనకి చేరిందో లేదో తెలియదు గానీ నాకు మాత్రం బాగా చేరేది. ఎన్ని నెలలు బిగబట్టుకుని ఉన్నా ఆ తిథినాటి సాయంత్రానికి నేను బడ్డీ కొట్టు ముందుండేవాణ్ణి. ఏటేటా ఇదే వరస.

కొన్నేళ్ళ కిందట నా ఎడమ బుగ్గ లోపల తెల్లటి మచ్చ కనబడింది. అమలాపురంలో డాక్టరుగారు లైటు వేసి చూసి, పరీక్షకి పంపించి, "ఇప్పటికైతే భయం లేదండి. కాల్చడం ఆపితే ఇలాగే ఉండొచ్చు, తగ్గనూ వచ్చు. ఆపకపోతే ఏమవుతుందో మీ ఇంట్లో చూసేరు కదండి" అన్నారు. బస్సెక్కి కూర్చున్నాక చావంటే అంత భయం వేయలేదు. రేవులో నిలబడి చప్పట్లు కొట్టాల్సి వస్తుందని భయమేసింది. ఆ రోజే మానేశాను. లవంగాలు నమిలాను, సోడాలు తాగాను, అయినదానికీ కానిదానికీ ఇంట్లోవాళ్ళ మీద విరుచుకుపడ్డాను. మా ఆవిడ అన్నీ భరించింది. అలా భాద్రపదం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఇల్లంతా తడిపొగాకు వాసన కమ్ముకుంది. దొడ్డమ్మ చూపు సరిగ్గా ఆనకపోయినా, తడుముకుంటూ పీట మీద ఆకు పరుస్తోంది.

తిథినాడు ఆవిడ చుట్ట నా చేతికిచ్చింది. తీసుకున్నాను గానీ పొయ్యి దగ్గరికి వెళ్ళలేదు. "దొడ్డమ్మా, నేను అంటించను" అన్నాను.

"అదేంట్రా?"

"ఒక్క దమ్ము లాగితే మళ్ళీ మొదలెడతాను. ప్రతీ యేడూ ఇదే జరుగుతోంది. మచ్చ గురించి నీకు చెప్పలేదు."

మచ్చ సంగతి చెప్పాను. దొడ్డమ్మ కొంగుతో వేళ్ళు తుడుచుకుంటూ, "చుట్టడం మానేద్దామని నాకూ చాలాసార్లు అనిపించిందిరా" అంది. "మానేస్తే, ఆయన్ని అవే తీసుకుపోయేయని ఒప్పుకున్నట్టే కదా. అన్నీ నా చేత్తో చుట్టినవే కదరా." అన్నేళ్ళుగా ఆవిడ ఆయన కోరిక తీరుస్తోందనుకున్నాను. ఆ మాట తన నోటితో అనాల్సి వస్తుందేమోనని భయపడి చుడుతోందని నాకు ఏనాడూ తట్టలేదు. "ఏ పక్కన?" అని అడిగి, నా మొహం తడిమి, ఎడమ బుగ్గ మీద అరచెయ్యి ఆనించింది. ఆ చేతికి పచ్చి పొగాకు వాసన. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే నా నోట్లో నీళ్ళూరాయి. నా ఒంటి మీద నాకే అసహ్యం వేసింది.

దొడ్డమ్మ నా చేతిలోంచి చుట్ట తీసుకుని, దారం తెంపి, ఆకు విప్పి నీళ్ళచెంబులో వేసేసింది. ఆ నీళ్ళు మర్నాడు పెరట్లో బెండమొక్కల మీద చల్లించింది, వాటికి పేనుబంక పట్టి ఉంది. ఖాళీ సాసరు ఫొటో ముందుంచి, ఎదురుగా మనిషి కూర్చున్నట్టే ఆయనతో మాట్లాడింది. "లేదండి. ఇంకెప్పుడూ ఉండదు. వీడైనా నాకు దక్కాలి కదండి. కోపమొస్తే నా మీదకి రండి."

ఆ సాయంత్రమే ఆ వాసన మొదటిసారి వచ్చింది. చెంబులో నానుతున్న ఆ ఆకు తప్ప ఇంట్లో పొగాకు రేకన్నది లేదు. పడక కుర్చీ పక్కన నిలబడితే నా కాళ్ళు వీధి వైపు లాగేశాయి. చెప్పులేసుకున్నాను కూడా. దొడ్డమ్మ లోపల్నుంచే, "వచ్చేరు కదూ" అంది. "నిప్పడుగుతారు. ఇవ్వకు. ఆయన ఎవరింట్లోనూ ఒక చుట్ట సేపుకి మించి కూర్చున్న మనిషి కాదు. నువ్వూ కూర్చో, ఆయనే వెళ్ళిపోతారు." కూర్చున్నాను. ఆవిడన్నట్టే కాసేపటికి వాసన పల్చబడి పోయింది. తర్వాతోసారి ఈ సంగతి డాక్టరుగారికి చెబితే, అది అలవాటుపడ్డ మెదడు చేసే పనని, వచ్చినప్పుడు కాసేపు ఓర్చుకుంటే పోతుందని అన్నారు. దొడ్డమ్మ చెప్పిందే ఆయనా చెప్పారు, కాకపోతే ఫీజు తీసుకున్నారు.

వచ్చేది పెదనాన్నగారో, ఆయన కండువా కప్పుకుని నా పాత యావే వస్తుందో నాకు తెలియదు. నిన్న కూడా పేపరు పక్కన పెట్టి, ఖాళీ కుర్చీకేసి చూస్తూ, నాలికతో ఎడమ బుగ్గ తడుముకుంటూ కూర్చున్నాను. బొటనవేలూ చూపుడువేలూ రుద్దుకుంటున్న చప్పుడు కూడా వినబడినట్టైంది. ఇవ్వలేనండి అని మనసులోనే చెప్పుకున్నాను. బతికుండగా ఒకసారి కాదన్న మనిషిని మళ్ళీ కాదనడం మొదటిసారి కంటే కష్టంగా ఉంది, ప్రతిసారీ అలాగే ఉంటుంది. కాఫీ చల్లారింది. తలుపు వెనక మా ఆవిడ గాజులు కదిలాయి. కాసేపటికి ట్రాక్టరు వెళ్ళిపోయింది, వాసనా వెళ్ళిపోయింది.

"వెళ్ళేరా?" అంది దొడ్డమ్మ.

"వెళ్ళేరు."

"భోజనానికి ఆగమనకపోయేవా?"

"ఆగితే ఇంకోటి వెలిగించాలి కదా దొడ్డమ్మా" అన్నాను. లోపల ఆవిడ నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. నాకింకా ఎన్నేళ్ళున్నాయో తెలియదు, ఏళ్ళ లెక్కతో ఇప్పుడు పని కూడా లేదు. ఆయన వచ్చినప్పుడల్లా ఒక చుట్ట సేపు గడిస్తే చాలు.