ఆ పేరు గల మనిషి

పేర్లు రాయను. మా ఇంటి గొడవంతా పేర్ల మూలంగానే వచ్చింది, మళ్ళీ ఇక్కడ రాసి ఇంకోటి తెచ్చుకోవడం ఎందుకు? నేను ఒక కొడుక్కి తల్లిని, ఒక కోడలికి అత్తని, ఒక గుంటకి మామ్మని. రంగూన్లో తామ్వే అనే పేటలో అయిదో అంతస్తులో కాపురం. పిల్లలకి లెక్కల ట్యూషన్ చెప్తాను. నోరు పెద్దదని వీధిలో అందరికీ తెలుసు. ఈమాత్రం చాలు.

రంగూన్లో మా తెలుగువాళ్ళకి ఒక్కొక్కరికీ రెండేసి పేర్లుంటాయి. ఇంట్లో ఒకటి, గుర్తింపు కార్డు మీద ఒకటి. మా ఆయన తాతగారు శ్రీకాకుళం వైపునుంచి రేవులో మూటలు మొయ్యడానికి వచ్చిన మనిషి. అప్పట్నుంచీ ఇదే తంతు. నాకు కొడుకు పుడితే మా ఆయన వాడికి బర్మా పేరు రాయించారు, బళ్ళోనూ పనిలోనూ సులువుగా ఉంటుందని. నేను మా నాన్న పేరు పెట్టుకున్నాను. కార్డు మీద ఏం రాసుకుంటే నాకేటి, వాణ్ణి ఆ పేరుతోనే పిలిచాను, ఆ పేరుతోనే తిట్టాను. గుళ్ళో పెళ్ళయినప్పుడు పంతులు చదివిందీ ఆ పేరే. బాగో పట్నం అవతల పల్లెటూరి పిల్ల మా కోడలు. దానికి మొగుడి పేరంటే అదొక్కటే తెలుసు.

మనవరాలు పుట్టినప్పుడు ఆస్పత్రిలో నర్సు తండ్రి పేరు అడిగింది. మావాడు నోరు తెరిచేలోపు నేను అందుకుని మా నాన్న పేరు చెప్పేశాను.

"అమ్మా, కార్డు పేరు సెప్పాలే" అన్నాడు వాడు.

"నోర్ముయ్యరా. నా మనవరాలి కాగితంలోనైనా ఒక్క తెలుగు పేరు ఉండనీ."

నర్సుకి ఏ పేరైతే ఏటి, రాసేసుకుంది. ఆ పుట్టిన కాగితం చూసుకుని ఎంత మురిసిపోయానో! ప్లాస్టిక్ కవరు కూడా వేయించాను. బుద్ధి తక్కువదాన్ని.

గుంటకి రెండున్నరేళ్ళప్పుడు మావాడు ఇల్లు వదిలాడు. ఒక్కసారిగా కాదు. ఊరి చివర లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు పని. రోజూ రెండు బస్సులు మారలేనని అక్కడే గది తీసుకున్నాడు. వారానికోసారి వచ్చేవాడు, తర్వాత నెలకోసారి, తర్వాత ఇంకొకావిడ సంగతి బయటపడింది. ఆవిడ దగ్గరా ఫ్యాక్టరీలోనూ వాడు పెళ్ళికాని బర్మా మనిషి. చేతికి ఏదో ఇచ్చేవాడు కొన్నాళ్ళు, అదీ ఆపేశాడు. కోడలు లత అనే పేటలో ఒక స్టీలు సామాన్ల కొట్లో పనికి చేరింది. పుట్టింటికి పొమ్మని నేననలేదు, పోతానని అదీ అనలేదు.

గుంటకి ఆయాసం. వానాకాలం వచ్చిందంటే ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. పీల్చే మందు లేకపోతే పెదాలు నీలం తిరిగిపోతాయి. నా ట్యూషన్లూ కోడలి జీతమూ కలిపినా ఒక్కో నెల మందా, బడా అని చూసుకోవాల్సి వచ్చేది.

ఒక మధ్యాహ్నం కోడలు కొట్లో ఉండగా వార్డు ఆఫీసు మనిషీ, కోర్టు మనిషీ అయిదంతస్తులూ ఎక్కి వచ్చారు. "ఈ పేరు గల మనిషి ఇక్కడ ఉన్నాడా?" అని కాగితం చూపించారు. బర్మా అక్షరాల్లో వంకరటింకరగా మా నాన్న పేరు! పిల్ల ఖర్చు ఇవ్వని తండ్రి కోర్టుకి హాజరు కావాలని సమను. ఓలమ్మో, నాకు చెప్పకుండా కోడలు కేసు వేసేసిందన్నమాట. వార్డు మనిషి ఇంట్లోవాళ్ళ పేర్లుండే ఇంటి పట్టీ అడిగి తిరగేశాడు. అందులో ఉండేది కార్డు పేరే కదా. "ఈ పేరు లేదే" అన్నాడు.

"లేడు బాబూ. ఆ పేరు గల మనిషి ఇక్కడ లేడు" అన్నాను నేను.

కొడుకుని పోలీసులు లాక్కుపోతారేమో అన్న భయం ఒక్కటే ఉంది ఆ క్షణంలో. గుంట పక్కనే కూచుని బొమ్మలకి రంగులేస్తోంది, దానివైపు చూడలేదు. వాళ్ళు అదే రాసుకుని, నాచేత సంతకం పెట్టించుకుని దిగిపోయారు.

వారం తర్వాత కోడలు కోర్టునుంచి ఆ కాగితం నకలు పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. నా సంతకం మీద వేలు పెట్టింది.

"ఆ మనిషే లేడంట అత్తా."

తిరిగి దాన్నే కసిరాను. "నాతో ఒక్క మాట సెప్పలేదేమే?"

"సెప్తే వద్దంటావు. నువ్వు వద్దంటే నేను ఆగిపోతాను" అంది. "నీ కొడుకుని రమ్మనట్లేదు అత్తా. ఆవిణ్ణి ఇడిసెయ్యమని కూడా అనట్లేదు. దీని మందుకి, దీని బడికి. దీన్ని కన్నాడు కదా."

గుంట నా ఒళ్ళోనే ఉంది. ఒక్కో ఊపిరికీ దాని భుజాలు పైకి లేస్తున్నాయి. సిగ్గుతో చచ్చిపోయాను. పుట్టిన కాగితంలో లేని మనిషి పేరు రాయించిందీ నేనే, వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకి లేడని చెప్పిందీ నేనే. ఆ పసిదానికి తండ్రి లేకుండా చేసింది వాడొక్కడే కాదు.

మర్నాడు ట్యూషన్ పిల్లల్ని పంపేసి, ఇంటి పట్టీ, మావాడి కార్డు నకలు సంచీలో వేసుకుని కోడలితో కోర్టుకి వెళ్ళాను. అక్కడ గుమస్తా ఒక చిన్నవయసు బర్మా అమ్మాయి. నన్ను "అడ్డో" అని, అంటే పిన్నీ అని, మర్యాదగా కూచోబెట్టి అంతా విడమరిచి చెప్పింది. కార్డు పేరుతో సమను మార్చి రాస్తారట, ఈసారి ఫ్యాక్టరీకే పంపిస్తారట. జీతం ఎంతో రాసివ్వమని ఫ్యాక్టరీని అడుగుతారట. తీర్పయ్యాక తండ్రి నెలనెలా ఇక్కడ కడితే, తల్లి వచ్చి సంతకం పెట్టి తీసుకోవాలి. కట్టకపోతే తల్లి అర్జీ పెట్టాలి, అప్పుడు వారంటు.

"వారంటంటే పోలీసులేనా?"

"కడితే రారు అడ్డో" అంది. "కానీ ముందు ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని ఎవరైనా నిలబడి చెప్పాలి."

"నేను చెప్తాను, కన్నది నేనే కదా" అన్నాను. చెప్పాను గానీ, బస్సులో ఇంటికొస్తున్నంతసేపూ కోడలి చెయ్యి పట్టుకునే కూచున్నాను.

వాయిదా రోజున కరెంటు లేదు. బయట జనరేటరు మోత, లోపల ఉక్క. మావాడు ఫ్యాక్టరీ చొక్కాతోనే వచ్చాడు. చిక్కిపోయాడు. నావైపు చూస్తాడేమోనని చూశాను, చూడలేదు. జడ్జిగారు నా ఈడు ఆవిడే. పుట్టిన కాగితం పైకెత్తి, "ఇందులో పేరు మీదేనా?" అని వాణ్ణి అడిగింది.

"కాదు. ఆ పేరు నాది కాదు" అన్నాడు.

పెళ్ళాన్ని కాదన్నప్పుడు కోపం వచ్చింది. ఈసారి కోపం కూడా రాలేదు, ఏడుపొచ్చింది.

నన్ను పిలిచారు. ప్రమాణం చేసి, వీడు నా కొడుకు, ఆ పేరు నేను పెట్టిందే అని చెప్పాను. మావాడి లాయరు లేచి ఇంటి పట్టీ చూపించాడు. "ఇందులో ఆ పేరు ఎక్కడుంది?" లేదు. తర్వాత ఇంకో కాగితం తీశాడు. "ఇది మీ సంతకమేనా? ఆ పేరు గల మనిషి లేడని రాసిచ్చారు. అబద్ధం చెప్పింది అప్పుడా, ఇప్పుడా?"

నలభై ఏళ్ళుగా పిల్లల చేత జవాబులు చెప్పిస్తున్నదాన్ని, జవాబు కోసం కోడలివైపు చూశాను. కోడలు గుంటని గట్టిగా దగ్గరికి లాక్కుంది. అది దగ్గుతోంది. మావాడు తల దించుకుని బల్ల చెక్క గోకుతున్నాడు. చిన్నప్పుడు తప్పు చేసి నా ముందు నిలబడ్డప్పుడూ అంతే, దొరికిన చెక్కనల్లా గోకేవాడు. దాంతో నాకు ఒళ్ళు మండిపోయింది. జడ్జిగారున్నారని మర్చిపోయాను, బర్మా భాష మర్చిపోయాను. మా నాన్న పేరు పెట్టి "ఒరేయ్!" అని ఒక్క కేక వేశాను. "ఇలగ సూడరా!"

"ఆఁ, ఏటమ్మా?" అన్నాడు వాడు, తలెత్తి.

అనేశాక గానీ వాడికి తెలియలేదు. ఆ ముక్క అర్థమైంది మా ఇంట్లోవాళ్ళకే, కానీ పిలిస్తే పలికాడని అందరూ చూశారు. లాయరు ఏదో అనబోతే జడ్జిగారు చెయ్యెత్తి ఆపింది. "మీరే చెప్పండి" అంది వాడితో, మెల్లిగా.

వాడి చెవులు ఎర్రబడిపోయాయి. "నాదేనండి" అన్నాడు. "ఆ పేరు నాదే. పాప నాదే."

తీర్పు తర్వాత మెట్ల దగ్గర ఎదురుపడ్డాడు. కోడలు గుంటనెత్తుకుని ముందుకెళ్ళిపోయింది.

"పట్టిచ్చేసావు కదమ్మా" అన్నాడు.

"అవున్రా."

"అక్కడ నాకింక ఇల్లుండదు."

"ఇక్కడ నీ కూతురికి ఊపిరి ఆడట్లేదురా" అన్నాను.

"ఇంకా వస్తోందా ఆయాసం?" అని మాత్రం అడిగాడు. వాడి జుట్టు చెదిరిపోయి ఉంది, సర్దుదామని చెయ్యి లేచింది. నేనే దించేసుకున్నాను. వాడు బస్సు కోసం రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

నెలనెలా కోర్టులో కట్టాడు. ఎంతో రాయను, మందుకీ బడికీ సరిపోయేది. కోడలు కొట్లో పూట సెలవడిగి వెళ్ళి సంతకం పెట్టి తెచ్చుకునేది. గుంట కేజీ క్లాసులో చేరింది. మావాడు నాకు ఫోను మాత్రం చెయ్యలేదు. నేను చేస్తే తియ్యలేదు. ఏడిచాను, బాత్రూములో కుళాయి విప్పుకుని. కోడలి ముందు ఏడిస్తే నా మీద జాలిపడి కేసు వెనక్కి తీసుకుంటుందేమోనని భయం.

ఏడో నెల కట్టలేదు. ఒక శనివారం కోడలు వారంటు అర్జీ కాగితం తెచ్చి బల్లమీద పెట్టింది. "బర్మా రాత నీదే బాగుంటాది అత్తా. సోమవారం ఇచ్చేస్తాను" అంది. నా మొహం చూసి, "నీకు కష్టమైతే బయట రాయించుకుంటానులే" అని కూడా అంది.

నేనే రాశాను. నా కొడుకుని పట్టుకోండి అని నా చేత్తోనే రాశాను. ఈసారి రెండు పేర్లూ రాశాను, తప్పు లేకుండా. కోడలు చదువుకుని, నా వీపు మీద చెయ్యి వేసింది.

మర్నాడు ఆదివారం. పొద్దున్న పదింటికి నేను పాలడబ్బాతో కొలిచిన బియ్యం కడుగుతున్నాను, కోడలు వరండాలో బట్టలు ఆరేస్తోంది. మా వీధిలో మేడలన్నిటికీ వరండాల్లోంచి రోడ్డు మీదకి తాళ్ళు వేలాడుతుంటాయి. వచ్చినవాళ్ళు కిందనుంచి తాడు లాగితే పైన గంట మోగుతుంది, మనం చూసుకుని మెట్ల గేటు తాళంచెవి ఆ తాడుకే కట్టి దింపుతాం. మా గంట మోగింది. గుంట పరిగెత్తి కిందకి తొంగిచూసి, ఎవరు కావాలని బర్మాలో అరిచింది. కోర్టులో వాడి వీపే చూసింది అది, మొహం గుర్తులేదు.

కిందనుంచి తెలుగులో వినిపించింది. "మీ నాన్ననమ్మా."

బియ్యం గిన్నె దించేసి వరండాలోకి వచ్చాను.

"మామ్మా, కింద ఎవరో నాన్నంట" అంది గుంట నాతో. "తాళంచెవి దింపనా?"

నేను కోడలివైపు చూశాను. అది తడిబట్ట పట్టుకుని కిందకి చూడకుండా నిలబడింది. "తెలుగులో అంటే ఈ వీధిలో ఎవరికి తెలుస్తాది?" అంది. "బర్మాలో సెప్పమనవే."

గుంట అలాగే అరిచింది. కింద టీ కొట్లో కూచున్నవాళ్ళు, ఎదురు వరండాల్లోవాళ్ళు అందరూ తలలు తిప్పారు. మావాడు అయిదంతస్తుల కిందనుంచి తలెత్తి, ఆ పిల్ల తండ్రిని నేనేనని బర్మాలో గొంతు పగిలేలా చెప్పాడు.

కోడలు కళ్ళు తుడుచుకుని, మేకుకున్న తాళంచెవి తీసి గుంట చేతిలో పెట్టింది. తర్వాత నాతో అంది, "ఆ అర్జీ కాగితం సింపకు అత్తా. బియ్యం ఇంకో పాలడబ్బాడు ఎయ్యి."