అల్లుడుగారు పంపిన లెక్కల మనిషి

మా అక్క దగ్గర రేటు పట్టిక ఉండదు. ప్యాంటు పొడవు తగ్గించడానికి ఎంత అని అడిగితే ముందు అడిగిన మనిషి ముఖం చూస్తుంది, తర్వాతే ప్యాంటు చూస్తుంది. అదే గుడ్డ, అదే పొడవు, అదే దారం. కానీ చిటికెలు వేస్తూ హడావిడి పెట్టేవాడికి ఒక రేటు, రేపు ఇంటర్వ్యూ ఉందండీ అని నసిగేవాడికి ఇంకో రేటు. ఇదేం న్యాయమే అని నేనడిగితే, "పని ప్యాంటుకి చేస్తాం, డబ్బు మనిషి దగ్గర తీసుకుంటాం. రెండూ చూడొద్దూ?" అంటుంది.

నేను ఆవిడ చెల్లెల్ని. బొత్తాలు కుట్టడం, అంచులు మడవడం, వచ్చినవాళ్ళ గురించి వాళ్ళు వెళ్ళాక మాట్లాడడం నా శాఖలు. మిషను, కత్తెర, రేటు అక్కవి. ఒక మూడంతస్తుల ఇంటి మెట్ల కింద ఉన్న గదే మా దుకాణం. ఇస్త్రీ బల్ల ఉన్న మూల నిలబడితే నెత్తికి మెట్లు తగులుతాయి, అందుకని పొడుగాటి కస్టమర్లను గుమ్మం దగ్గరే కొలుస్తాం. బావ పోయాక అక్క ఈ గదిలోనే కుట్టి కూతుర్ని చదివించింది, పెళ్ళి చేసింది. ఇది పోతే అక్కకి మిషను పెట్టుకోవడానికి కూడా చోటు లేదు.

ఇల్లు పైనుండే ఆడిటర్‌గారిది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ చాలా మంచి ఓనరు, ఎందుకంటే ఎప్పుడూ ఊళ్ళో ఉండేవారు కాదు. రిటైరయ్యాక తనిఖీలు ఆపలేదు, చోటు మార్చారంతే. వంటింట్లో డబ్బాలకి నంబర్లు వేశారు. సబ్బు ఏ తేదీన విప్పారో గోడ మీద రాయించారు. వాళ్ళావిడ బజారుకెళ్తే, వెళ్ళిన టైమూ వచ్చిన టైమూ అడిగేవారట. ఆ తనిఖీ ఒకరోజు మెట్లు దిగి మా దాకా వచ్చింది.

"ఫోన్ కవర్లమ్మే అతను ఈ గదికి రెట్టింపు అద్దె ఇస్తానంటున్నాడమ్మా," అన్నారు ఆడిటర్‌గారు. "మీరు పాతవాళ్ళు. ఇప్పుడిచ్చేదానికి కాస్త కలిపి ఇవ్వండి, కాదనను. కానీ కట్టగలరని నాకు నమ్మకం కుదరాలి. వచ్చే నెల జమాఖర్చులు చూపించండి. పక్కాగా ఉండాలి."

అక్క జమాఖర్చులంటే మూడు రేకు డబ్బాలు. ఒకటి అద్దెది, ఒకటి దారాలది, మూడోది ఎందుకో నన్ను అడగొద్దంటుంది. వాటిని ఆడిటర్‌గారి ముందు పెడితే ఆయన అక్కడికక్కడే పడిపోతారు.

అప్పుడు అల్లుడు రంగంలోకి దిగాడు. అక్క కూతురి మొగుడు ఏదో కంపెనీలో లెక్కల పనిలోనే ఉన్నాడు. వచ్చి అక్క ఫోన్లో ఏఐ అంటూ ఒకటి ఎక్కించాడు. "అత్తయ్యా, మీరు ఒక్క ముక్క రాయక్కర్లేదు. మాట్లాడితే అదే రాసుకుంటుంది. బిల్లు ఫొటో తీస్తే అదే చదువుకుంటుంది. నెలాఖరుకి లెక్క తయారుచేసి ఓనర్‌గారికి అదే పంపేస్తుంది," అన్నాడు. "అలాగే బాబూ," అంది అక్క. అల్లుడితో మాట్లాడడానికి అక్క దగ్గరున్నవి ఆ రెండు మాటలే. అతను ఫోన్ చేస్తే కూడా లేచి నిలబడి మాట్లాడుతుంది.

ఆ ఫోన్లోని మనిషిది ఆడగొంతు, అతి మర్యాద. నిజం చెప్పాలంటే పనిమంతురాలు కూడా. దారాల వ్యాపారి ఒకే పెట్టెకి రెండుసార్లు బిల్లు వేశాడని పట్టేసింది. కరెంటు బిల్లు గడువు ముందురోజే గుర్తుచేసింది. జిప్పుల ధర పెరిగినా మేం పాత రేటే తీసుకుంటున్నామని, జిప్పు మార్చిన ప్రతిసారీ మా చేతి డబ్బు పోతోందని చెప్పింది. ఇన్నేళ్ళుగా జిప్పులతో బాగుపడుతున్నామనుకున్నదాన్ని నేను.

చిక్కల్లా దాని ప్రశ్నలతోనే. "ఇదే పనికి నిన్న తక్కువ తీసుకున్నారండీ. ఇవాళ ఎక్కువకి కారణం చెబుతారా?" అని అడిగేది.

"ఏదో ఒకటి చెప్పెయ్యవే. అర్జెంటు అను," అన్నాను.

"అల్లుడుగారి మనిషి అంత మర్యాదగా అడుగుతుంటే అబద్ధం చెప్పమంటావా? రేపు అబ్బాయికి తెలిస్తే నా పరువేం కాను?" అంది అక్క. అని పైట సర్దుకుని, ఫోన్ వైపు వంగి, "అతను నన్ను చిటికేసి పిలిచాడమ్మా, అందుకు," అని చెప్పింది.

"సరేనండీ. 'అమర్యాద అదనం' అని నమోదు చేశాను."

ఇక అక్కకి పట్టపగ్గాల్లేవు. కడుపులో ఉన్నదంతా కక్కేసేది. చొక్కా మోచేతులు అరిగినతను వస్తే 'ఉద్యోగం పోయినందుకు రాయితీ' పడింది. ఆడపడుచు పెళ్ళికని గౌను తెచ్చి, ఆడపడుచుని తిడుతూ కూర్చున్నావిడకి 'వినోదం రాయితీ' పడింది. ఆ పేరు మాత్రం నా సలహా.

అన్నిటికంటే పెద్ద రాయితీ ఆడిటర్‌గారి భార్యది. ఆవిడ రోజు విడిచి రోజు దిండు గలీబులు పట్టుకుని కిందికి వచ్చేది. "కుట్లు వదులయ్యాయి, కాస్త బిగించండి," అనేది. ఆ కుట్లు పళ్ళతో లాగినా రావు. అక్క మాట్లాడకుండా ఒకవైపు విప్పేది, మళ్ళీ అక్కడే కుట్టేది, ఎంత ఆలస్యం చెయ్యొచ్చో అంతా చేసేది. ఆవిడ స్టూలు మీద కూర్చుని వీధి చూసేది, టీ తాగేది, కూనిరాగం తీసేది. వెళ్ళేటప్పుడు అక్క పావు వంతు డబ్బులే తీసుకునేది.

"ఈ గలీబుకి కిందటివారం కూడా ఇదే కుట్టు వేశారండీ. ధర బాగా తగ్గించడానికి కారణం చెబుతారా?" అని అడిగింది ఫోన్లో మనిషి.

అక్క మెట్ల వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. "వాళ్ళాయన రిటైరయ్యారమ్మా. రోజంతా ఇంట్లోనే."

"అర్థమైందండీ. 'భర్త ఇంట్లో ఉన్నందుకు రాయితీ' అని నమోదు చేశాను."

నవ్వాపుకోలేక నేను సూది వేల్లో దింపుకున్నాను.

నెల తిరిగిన పొద్దున ఫోన్ తియ్యగా పలికింది. "మీ నివేదిక ఓనర్‌గారికి చేరిందండీ. ఆదాయం, ఖర్చులు, రాయితీలు, వాటి కారణాలు అన్నీ వివరంగా పంపాను."

అక్క చేతిలో కత్తెర గుడ్డ మధ్యలో ఆగిపోయింది. "కారణాలు కూడానా?" అంది. తర్వాత అల్లుడికి ఫోన్ చేసి, నిలబడే, "పంపింది వెనక్కి తెప్పించొచ్చా బాబూ?" అని అడిగింది.

"వెళ్ళిపోయింది కదత్తయ్యా. ఎందుకు, లెక్క తప్పా?"

"కాదు బాబూ. లెక్క కరెక్టే. అదే వచ్చిన చిక్కు."

గది పోయినట్టేనని నేను బొత్తాల డబ్బా సర్దడం మొదలుపెట్టాను. అక్క మిషను మీద గుడ్డ కప్పి కూర్చుంది. అంతలో పైనుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. ఆడిటర్‌గారు కాగితాలు అచ్చు తీయించుకుని మరీ వచ్చారు. ఎర్ర పెన్ను జేబులో ఉంది. భార్య కూర్చునే స్టూలు మీదే కూర్చుని, మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టారు.

"దారాలు, సరే. జిప్పులు నష్టం, రేటు పెంచండి. అమర్యాద అదనం..." పేజీ తిప్పారు. "రాబడి బాగానే ఉంది. మొత్తం మీద అద్దె కట్టగలరు. ఇదేమిటి?"

వేలు ఎక్కడ పెట్టారో చూడక్కర్లేకుండానే తెలిసింది. అక్క నావైపు చూసింది. నేను బొత్తాం వైపు చూశాను. జన్మలో ఏ బొత్తాన్నీ అంత శ్రద్ధగా చూసి ఎరగను.

"నేను ఇంట్లో ఉంటే మా ఆవిడకి రాయితీ ఏమిటమ్మా?"

అక్కకి అబద్ధం చెప్పడం రాదు. "ఆ గలీబుల్లో చెయ్యాల్సిన పనేం లేదండీ," అంది. "విప్పుతాను, మళ్ళీ కుడతాను. ఆవిడకి కాసేపు కూర్చోడానికి ఓ చోటు కావాలి. ఊరికే కూర్చుంటే మీకు లెక్క చెప్పాలి కదండీ."

ఆయన అరుస్తారని నేను జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆయన అరవలేదు. ఎర్ర పెన్ను తీసి, ఎక్కడా టిక్కు పెట్టకుండా మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

"ఇక్కడ ఏం చేస్తుంది?"

"వీధి చూస్తారండీ. ఒక్కోసారి పాడతారు."

"పాడుతుందా?" అన్నారు. "ఇంట్లో ఎప్పుడూ వినలేదే."

నాకు జాలేసింది. ఒళ్ళు మండించే మనిషి మీద జాలి పడాల్సి రావడం ఎంత చిరాగ్గా ఉంటుందో చెప్పలేను.

అప్పుడే ఆవిడ దిగి వచ్చింది, చేతిలో గలీబు. భర్తని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. గలీబు వెనక్కి దాచుకుంది. "మీరు ఇక్కడేం చేస్తున్నారు?"

ఆడిటర్‌గారు కాగితాలు గబుక్కున మడిచి జేబులో కుక్కుకున్నారు. "ప్యాంటు... నడుం దగ్గర వదులైందని ఇద్దామని."

"ఏ ప్యాంటు?"

ఆయన చేతుల్లో ఏమీ లేదు. చుట్టూ చూసి, "ఇదే," అని వేసుకున్న ప్యాంటునే పట్టుకుని లేచి నిలబడ్డారు. అక్క చటుక్కున టేపు తీసి ఆయన నడుం చుట్టూ వేసింది. ప్యాంటు ఒంటికి అతికినట్టుంది, వేలు దూరే సందు కూడా లేదు.

"అవునండీ, బాగా వదులైంది," అంది మా అక్క. అల్లుడుగారి మనిషికి కూడా అబద్ధం చెప్పని మా అక్క.

ఆయన స్టూలు భార్య వైపు జరిపారు. "నువ్వు కూర్చో. నేనలా వీధిలోకి వెళ్ళొస్తాను."

"ఎప్పుడొస్తారు?"

"ఏమో, చెప్పలేను," అన్నారు ఆడిటర్‌గారు. ఆ మాట అనడం ఆయనకి కొత్త. గుమ్మం దాటి అక్కతో, "ఫోన్ కవర్ల అతనికి వద్దని చెప్పేస్తాను. మీరు పాత అద్దే ఇవ్వండి," అన్నారు.

"కాస్త కలపమన్నారు కదండీ?"

"కలిపాను. రాయితీ తీసేస్తే పాతదే తేలింది."

"ఏం రాయితీ?" అంది ఆవిడ.

"నేను ఇంట్లో ఉన్నందుకు," అని ఆయన వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు.

మేమిద్దరం ఆవిడ ముఖం చూశాం. ఆవిడ ఆయన మలుపు తిరిగేదాకా చూసింది. ముఖం ఎర్రబడింది, కళ్ళు తడిశాయి, తర్వాత పెదవులు నవ్వు ఆపుకోలేకపోయాయి. అక్క గలీబు కోసం చెయ్యి చాపితే ఇవ్వలేదు.

"ఇవాళ కుట్టొద్దులెండి," అంది, అప్పటికే మెట్లెక్కుతూ. "ఇంట్లో ఎవరూ లేరుగా. పైకే పోతాను."