భయాన్ని నమ్ముకున్న సుగుణమ్మ పెద్దమ్మ

పోయిన నెలలో ఒక ఉదయం మా ఫలక్‌నుమా గల్లీలో సుగుణమ్మ పెద్దమ్మ హఠాత్తుగా కన్నుమూసింది. గుండెపోటన్నారు. ఆ కబురు అందేసరికి నేను జొన్నలు నింపిన సీసాలను ప్రెషర్ కుక్కర్‌లో పెట్టి విజిల్ కోసం ఎదురుచూస్తున్నాను. దుఃఖం తర్వాతెప్పుడో వచ్చింది. ముందు వచ్చింది మాత్రం భయమే, ఇక నాకు దిక్కెవరన్న భయం.

సంతాప సభలో అందరూ ఆమెను ధీరవనిత అని కీర్తించారు. నాకు ఒళ్లు మండింది. ఆమెంత పిరికి మనిషిని నేను చూడలేదు, ఆమె గొప్పతనమంతా ఆ పిరికితనంలోనే ఉంది. కాలేజీ ప్రయోగశాలలో ఉద్యోగం చేసి విరమణ పొందాక, రెండర్రల ఇంట్లో జొన్నల మీద పుట్టగొడుగుల విత్తనం తయారు చేసి మా గల్లీ ఆడవాళ్లకు ఇచ్చేది. ఆ విత్తనానికంతటికీ మూలం చిన్న సీసాల్లో పెరిగే తెల్లని శిలీంధ్రం. దాన్ని మేము తల్లి కల్చర్ అంటాం. కంటికి కనిపించని బూజు రేణువు ఒక్కటి అందులో పడినా పచ్చగా పాకి సర్వనాశనం చేస్తుంది. "భయం పోయిన దినమే బూజు వస్తది బిడ్డా" అనేది పెద్దమ్మ.

పెద్ద ప్రయోగశాలల్లో గాలిని వడకట్టే యంత్రాలుంటాయి. పెద్దమ్మ అఫ్జల్‌గంజ్ నుంచి ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా తెచ్చి, కాల్చిన స్టీలు గ్లాసుతో ఆ డబ్బాకు రెండు చేతులు పట్టే రంధ్రాలు చేసింది. డబ్బా లోపల గాలి కదలకపోతే దుమ్ము అడుగుకు చేరుతుంది, అంతే ఆమె శాస్త్రం. కల్చర్‌ను కొత్త సీసాలోకి మార్చే ముందు ఫ్యాను ఆపేది. తలస్నానం చేసి, తడి జుట్టు ముడి వేసి, మూతికి గుడ్డ కట్టుకునేది. స్పిరిట్‌తో డబ్బా తుడిచి, అది పూర్తిగా ఆరాక, స్పిరిట్ సీసాను పక్క అర్రలో పెట్టి వచ్చి, అప్పుడు సూది కాల్చుకోవడానికి డబ్బా బయట దీపం వెలిగించేది. నిప్పన్నా ఆమెకు భయమే మరి.

ఇంట్లో దోశల పిండి రుబ్బిన రోజు కల్చర్ పని బంద్. పిండిని పొంగించే సూక్ష్మజీవి కూడా గాలిలో తిరుగుతుందట! ఏదైనా సీసాలో పచ్చ చుక్క కనిపిస్తే, మూత తీయకుండానే మళ్లీ కుక్కర్‌లో ఉడికించి పారేసేది. ఒకసారి నేను కుతూహలం కొద్దీ తెరవబోతే నా మణికట్టు పట్టుకుంది. "తెరిస్తే అర్ర మొత్తం పోతది" అన్న ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆమె పోయాక, దినాలకు ముందు ఆ ఇంటికి శుద్ధి మొదలైంది. పెద్దమ్మ ఆడబిడ్డ లక్ష్మమ్మ చీపుర్లు, సున్నం, సాంబ్రాణి సిద్ధం చేసింది. నేను ఉరికాను. లోపలి అర్రలో ఉన్న మూడు సీసాలే పెద్దమ్మ చేతి తల్లి కల్చర్, మా అందరి ఇళ్ల విత్తనానికి అదే ఆధారం. వాటికి ఉన్నవి దూది మూతలు. గోడలు దులిపి, నిప్పుల మీద సాంబ్రాణి వేసి విసిరితే లేచే దుమ్ముకు అవి బతకవు. పోనీ ఎత్తుకుపోదామంటే, దినాలయ్యేదాకా ఆ ఇంటి వస్తువేదీ గడప దాటకూడదంది లక్ష్మమ్మ. ఆ ఒక్క అర్ర వదిలేయమని చేతులు జోడించాను.

"చావు జరిగిన ఇల్లు కడగొద్దంటవా? ఇంట్ల పిల్లలున్నరు, మైల తగిలితే ఎవరిదమ్మా పాపం?"

ఆమె కళ్లలో నిజమైన భయం ఉంది. ఆమెది మైల భయం, నాది బూజు భయం. ఇద్దరం గడప దగ్గరే నిలబడిపోయాం. మూసి ఉన్న లోపలి అర్ర తలుపు వైపు చూసి ఆమే అడిగింది.

"మా వదిన గా అర్రల ఎన్నడన్న సాంబ్రాణి ఏసిందా?"

"ఎన్నడు వెయ్యలే చిన్నమ్మా."

లక్ష్మమ్మ చీపురు పక్కన పెట్టింది. పెద్దమ్మ పాత చీరను నీళ్లలో తడిపి, తనే వంగి ఆ తలుపు కింది సందులో కుక్కింది.

అప్పటికే ముందర్రలో దులపడం అయిపోయింది. దినాలయ్యాక సీసాలు నా చేతికొచ్చేసరికి రెండింటిలో పచ్చదనం పాకింది. ఒక్కటే తెల్లగా మిగిలింది. దాన్నుంచి చిన్న ముక్క తీసి కొత్త సీసాలోకి మార్చాను. మా ఇంట్లో ఆ సీసా పెట్టిన గదిలో పెద్దమ్మ పటానికి దండ వేయలేదు, అగరొత్తి వెలిగించలేదు. ఆ పిరికి మనిషికి అంతకన్నా తగిన నివాళి నాకు తోచలేదు.

ఈ ఉదయం కొత్త సీసా అంచున చిన్న మరక కనిపించింది. అది పచ్చదనమో, గాజు నీడో. ఇన్నేళ్లూ ఇలాంటి సీసాను నేను పెద్దమ్మ కిటికీ దగ్గరికి తీసుకుపోతే, ఆమె వెలుతురుకు పట్టి ఒక్క చూపులో తేల్చేది. ఇప్పుడు నేనే వెలుతురుకు పట్టి చూస్తున్నాను పెద్దమ్మా. నాకు తెలియడం లేదు.