వాన మీద నెట్టిన తప్పు

నన్నెవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. వినయం అనుకుంటారు. కాదు. చాలా ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎవరు మెచ్చుకున్నా దాని బరువు ఇంకాస్త పెరుగుతుంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఒక్కటి మాత్రం ముందే అడుగుతాను. మధ్యలో నన్ను ఓదార్చకండి. ఆ వయసులో ఎవరైనా అంతే అనకండి. ఆ మాట నాకు నేనే ఎన్నోసార్లు చెప్పుకున్నాను. పని చేయలేదు.

మాది మనుబోలు దగ్గర పల్లె. వరి పండించే కుటుంబం. నెల్లూరులో బొమ్మలు నేర్పే కాలేజీలో చదివాను. ఏటా చివర్లో కాలేజీ ఒక ప్రదర్శన పెట్టేది. అందులో మన పని ఉంటే పెద్ద ఊళ్ళవాళ్ళు చూస్తారు, పిలుస్తారు, ఒక దారి దొరుకుతుంది. ఎవరి పని ఉండాలో తేల్చడానికి బయటినుంచి ముగ్గురు పెద్దమనుషులు వచ్చేవాళ్ళు. నా ఆఖరి ఏడాది వాళ్ళు మాలో సగం మందికి పైగా వద్దన్నారు. ఎందుకు వద్దో చెప్పలేదు. అడిగితే, అడగడమే తప్పన్నట్టు చూశారు. మా పక్క పొలాన్ని రొయ్యల గుంటగా తవ్వుతున్న పొక్లెయిన్‌ని నేను నూనె రంగుల్లో వేశాను. దాని ముందు వాళ్ళు నిలబడనైనా నిలబడలేదు.

కానీ ఆ రోజు నా కోపం నా బొమ్మ కోసం కాదు. హసీనా కోసం.

హసీనా కాలేజీలో నాకంటే ఒక ఏడాది చిన్నది. వెంకటాచలం ఊరి పిల్ల. వాళ్ళమ్మా నాన్నా పరుపులు కుడతారు. వాళ్ళమ్మ మస్తాన్‌బీ జీవితమంతా ఎవరెవరికో పరుపులు కుట్టి, తను మాత్రం చాప మీద పడుకునేది. హసీనా ఒక పరుపు కుట్టింది. దాని మీద వాళ్ళమ్మ పక్కకు తిరిగి, చెయ్యి తలకింద పెట్టుకుని, మోకాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంటుంది. రంగు లేదు, గీత లేదు. లోపల దూదిని ఎక్కడ ఒత్తుగా నింపాలో, ఎక్కడ పలచగా వదలాలో, ఎక్కడ కుట్టు బిగించాలో, అంతే. దాని ముందు నిలబడితే, ఆమెకు నిద్రాభంగం అవుతుందేమోనని గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళం.

ముగ్గురిలో ఒకాయన దాన్ని బూటు మొనతో పొడిచాడు. అమ్మకానికి తెచ్చావా అమ్మాయ్ అన్నాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. హసీనా తల దించుకుని నిలబడింది. నేను అరిచాను. బూటు తీయమన్నాను. మీ ఇంట్లో మీ అమ్మను కూడా కాలితోనే లేపుతారా అని అడిగాను. ఆ కోపం నిజమే. ఇప్పటికీ ఆ బూటు తలుచుకుంటే పిడికిలి బిగుసుకుంటుంది. అంత కోపం వచ్చినదాన్ని, తర్వాత ఆ పని ఎలా చేశాను? ఇన్నేళ్ళుగా తొలిచేస్తున్న ప్రశ్న ఇదే.

వద్దన్న వాటితోనే మన ప్రదర్శన మనమే పెడదామన్నది నేనే. సముద్రం ఒడ్డున మా మేనమామకు రొయ్యల మేత దాచే గోడౌన్ ఉంది. ఆయన సాగు మానేశాక ఖాళీగా పడి ఉంది. అడిగితే తాళం ఇచ్చాడు. అందరం కలిసి ఊడ్చాం, కడిగాం, సున్నం కొట్టాం. మేత వాసన మాత్రం పోలేదు. గేటు మీద పెద్ద అక్షరాలతో నేనే రాశాను: ‘ఇక్కడ ఎవర్నీ వద్దనరు.’

ప్రదర్శనకు ముందురోజు సాయంత్రం అన్నీ తగిలించాం. హసీనా పరుపును తలుపుకు ఎదురుగోడ మీద పెట్టించింది కూడా నేనే. చేపలు అమ్ముకుని ఇళ్ళకు పోతున్న ఆడవాళ్ళు గంపలు బయట దించి లోపలికొచ్చారు. అందరూ నేరుగా దాని దగ్గరికే పోయారు. ఒకామె దాని ముందు నేల మీద కూర్చుండిపోయింది. నా పొక్లెయిన్‌ని ఎవరూ చూడలేదు. రేపు విలేకరులొస్తే ఈ ఒక్కదాన్నే ఫోటో తీసుకుంటారని పక్కనున్న స్నేహితుడు నవ్వుతూ అన్నాడు. నేనూ నవ్వాను. అప్పటికే హసీనా వాళ్ళమ్మను తీసుకురావడానికి ఊరికి వెళ్ళిపోయింది.

రాత్రి వాన పడింది. పొద్దున్నే అందరికంటే ముందు స్కూటర్ మీద వెళ్ళి తాళం తీశాను. ఒక మూల రేకు సందులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ మూల హసీనా పరుపుకు చాలా దూరం. పరుపు పొడిగా ఉంది. మస్తాన్‌బీ నిద్రపోతూ ఉంది.

దించాను. వెనక వసారాలోకి ఈడ్చుకెళ్ళాను. బోరింగ్ కొట్టి బకెట్‌తో నీళ్ళు తెచ్చి పోశాను. దూది నీళ్ళు తాగుతుంటే మస్తాన్‌బీ భుజం కుంగిపోయింది. మోకాళ్ళు కుంగిపోయాయి. తిరగేసి ఇంకోవైపు కూడా పోశాను.

ఏదో ఆవేశంలో జరిగిందని కొన్నాళ్ళు నమ్మాలని చూశాను. ఏం ఆవేశం? బోరింగ్ దాకా నడిచాను, నిండేదాకా కొట్టాను, ఒలకకుండా మోసుకొచ్చాను. వెనక్కి తిరగడానికి ప్రతి అడుగులోనూ వీలుంది. అబద్ధం అతకాలని ఆలోచించి మరీ తిరగేశాను. ఆ బూటు మనిషి చేసిందైనా పదిమంది ముందు చేశాడు. నేను ‘ఎవర్నీ వద్దనరు’ అని గేటు మీద రాసి, లోపలికొచ్చి ఒక్కదాన్ని వద్దన్నాను. వాళ్ళ ముగ్గురి తప్పు పెద్దదా, నాది పెద్దదా? ఆ ఎదురుగోడ మీద నా పొక్లెయిన్ తగిలించాను.

హసీనా ఆటోలో వచ్చింది. వెంట మస్తాన్‌బీ, వాళ్ళ వీధి ఆడవాళ్ళు. పండక్కి వచ్చినట్టు మంచి చీరలు కట్టుకుని వచ్చారు. హసీనా గోడలన్నీ చూసి నా దగ్గరికొచ్చింది.

“ఏదక్కా నాది?”

“రాత్రి వాన పడింది గదా. రేకుల్లోంచి నీళ్ళు కారి తడిసిపోయింది. వెనక ఆరేసినాను.”

ఆమె వెనక్కి పోయింది. వాళ్ళమ్మా పోయింది. వెళ్ళక తప్పక నేనూ వెళ్ళాను. మస్తాన్‌బీ వంగి ఆ తడి ముద్దను చేత్తో నిమిరింది.

“ఇందులో నేనుండానంట గదా పాపా. ఏ పక్కనుండాను?”

నేను వేలితో ఒకచోట చూపించాను. అక్కడ ఏమీ లేదు. ఆమె అక్కడే చాలాసేపు చూసింది. హసీనా నా మొహం చూసి, నేను బాధపడుతున్నాననుకుని, నా చెయ్యి పట్టుకుంది.

“నువ్వేం చేస్తావులే అక్కా. వాన నీ చేతిలో ఉందా?”

ఆమె అప్పుడే నన్ను అనుమానించి ఉంటే బాగుండేది. ఒక్క చెంపదెబ్బ కొట్టినా బాగుండేది.

విలేకరులు వచ్చారు. గేటు మీది అక్షరాల కింద నన్ను నిలబెట్టి ఫోటో తీశారు. వద్దనిపించుకున్నవాళ్ళకు గోడ ఇచ్చిన అమ్మాయి అని రాశారు. ఆ పేరుతోనే పెద్ద ఊళ్ళవాళ్ళు నన్ను పిలిచారు, ఆ పేరుతోనే నాకు ఉద్యోగం వచ్చింది. ఒక్కసారైనా కాదన్నానా? లేదు. సిగ్గు లేకుండా అన్ని దండలూ వేయించుకున్నాను. హసీనా చదువు పూర్తి చేసి, ఊళ్ళోనే పరుపుల కొట్టు చూసుకుంటోంది. మనిషి బొమ్మ మళ్ళీ కుట్టలేదని విన్నాను.

ఈ మధ్య ఆ కాలేజీ పిల్లలు మళ్ళీ అలాంటి ప్రదర్శనే పెట్టుకున్నారు. వాళ్ళనూ ఎవరో అలాగే వద్దన్నారు. ప్రారంభించమని నన్ను పిలిచారు. మాకు ధైర్యం ఈ మేడమ్ నుంచే వచ్చిందని ఒక అమ్మాయి మైకులో చెప్పింది. ఆ పిల్లల కోపం ఎంత శుభ్రంగా ఉందో! దాన్ని నా చేతులతో ముట్టుకోవడానికి నాకేం హక్కుంది? రిబ్బన్ కత్తిరించి, ఒంట్లో బాగాలేదని చెప్పి, మాట్లాడకుండా దిగిపోయాను. అక్కడినుంచి నేరుగా వెంకటాచలం వెళ్ళాను.

మస్తాన్‌బీ పోయి కొన్నాళ్ళయిందట. హసీనా గడపలో నిలబడి విన్నది. బకెట్ సంగతి చెప్పాను, తిరగేసిన సంగతి కూడా చెప్పాను. అసూయ అన్న మాటను ఇంకో మంచి మాట వెనక దాచలేదు. క్షమించమని అడగలేదు. అడిగితే మొహమాటానికైనా సరేనంటుందని భయం వేసింది.

గోడ మీదినుంచి దించేటప్పుడు అమ్మ బాగానే ఉన్నిందా అని మాత్రం అడిగింది.

బాగానే ఉన్నిందని చెప్పాను.

ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. చాలాసేపు నిలబడ్డాను. తలుపు తీయలేదు. తీయాలని నేను కోరుకోలేదు కూడా. రోడ్డు మీదికొచ్చి ఊపిరి పీల్చుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత గుండె నిండా గాలి వెళ్ళింది. హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు కూడా నా మీద నాకు కోపంగానే ఉంది.