ఆవిరి మీద అరచెయ్యి

ఇంగ్లండ్‌లో, బ్రాక్‌నెల్‌లోని మా ఫ్లాట్‌లో, గది వెచ్చబరిచే రేడియేటర్ మీద ఆరేసిన పాప కోటు ఇంకా గంధకం వాసన కొడుతూనే ఉంది. హాఫ్‌టర్మ్ సెలవులకి ఐస్‌లాండ్ వెళ్ళి నిన్ననే వచ్చాం. “కుళ్ళిన కోడిగుడ్ల కంపు. ముందు దాన్ని మిషన్‌లో వెయ్యవే బాబూ,” అంటారు మా ఆయన. నాకు మాత్రం అది మా అమ్మమ్మ ఊరి దగ్గర గోదావరి ఒడ్డు వాసన.

వేసవి సెలవుల్లో, భద్రాచలం దాటాక వచ్చే ఆ ఒడ్డుకి, ఆవకాయ అన్నం ముద్దలూ తాటిముంజలూ గిన్నెలో సర్దుకుని, ఎండెక్కకముందే అమ్మమ్మ మమ్మల్ని నడిపించుకుపోయేది. నది వెనక్కి తగ్గిన చోట ఇసుక తవ్వితే చాలు, పొగలు కక్కుతూ వేడినీళ్ళు ఊరేవి. తొక్కుడుబిళ్ళకి గీతలు గీసుకోబోయే మమ్మల్ని ఆపి, ఒక్కొక్కరి మణికట్టూ పట్టుకుని, అరచేతిని ఆవిరి మీదకి మెల్లగా దించేది.

“నేను లాగను. నువ్వే లాక్కోవాల.”

చురుక్కుమనగానే లాక్కునేవాళ్ళం. “ఇంక పో, ఆడుకో,” అని తమలపాకుల పెట్టె తెరుచుకుని కూర్చునేది. మళ్ళీ మా వంక చూసేది కాదు.

నాకు ఆ నిబ్బరం రాలేదు. ఐస్‌లాండ్‌లో నేలంతా పసుపూ నారింజా ఆకుపచ్చా ఒలికినట్టుంది, నడుమ నీలంగా కుతకుతలాడే గుంటలు. మా ఐదేళ్ళ మీనూ చెయ్యి నేను వదల్లేదు.

“మమ్మీ, లెట్ గో! ఇట్ హర్ట్స్!”

అంతలో వేడినీటి బుగ్గ ఒక్కసారిగా ఆకాశానికి ఎగజిమ్మింది. జనం కేకలేస్తూ వెనక్కి తోసుకొచ్చారు. చూసుకుంటే నా చేతిలో ఉన్నది ఉత్త గ్లవ్. మీనూ దారి పక్కన అడ్డంగా కట్టిన తాడు దగ్గర కూర్చుని, దాని కిందుగా పారుతున్న పొగల నీళ్ళలోకి వేళ్ళు చాపుతోంది. అరిస్తే ఉలిక్కిపడి ముందుకు తూలుతుందేమో. పరుగున వెళ్ళి మణికట్టు దొరకబుచ్చుకున్నాను. లాగెయ్యబోయి, ఎందుకో ఆగాను. దాని అరచేతిని నీళ్ళకి తగలనంత ఎత్తులో ఉంచి, ఆవిరి మీదకి కొంచెం కొంచెంగా దించాను.

“నేను లాగను, మీనూ.”

చటుక్కున వెనక్కి లాక్కుంది. “టూ హాట్!” అంది, కళ్ళు పెద్దవి చేసి. నేను పట్టు వదిలేశాను. దారి మధ్యలో నడిచాను. అది తాడుకి దూరంగా, నా పక్కనే నడిచింది.

అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఆ గోదావరి ఇసుకంతా లారీలకెక్కిపోయింది, గుంట తవ్వడానికి అక్కడ ఒడ్డే మిగల్లేదని అమ్మ ఫోన్లో చెప్పింది. రేపు పొద్దున స్కూలుకి కోటు కావాలి, మిషన్‌లో వేశాను. ఆ ఒక్క గ్లవ్ మాత్రం వెయ్యలేదు.